మెట్లెక్కే కవితకి మాత్రలు లెక్కపెట్టాను

మొన్న వేసవిలో తిరుపతి వెళ్ళినప్పుడు మా మేనకోడలు తను రాసుకున్న కవిత ఒకటి చదివి వినిపించింది. అలిపిరి మెట్లకి పసుపూ కుంకుమా పెడుతూ కొండెక్కిన వాళ్ళమ్మ గురించి.

అమ్మ మెట్టెక్కింది, పసుపు పూసింది.
అమ్మ మెట్టెక్కింది, కుంకుమ పెట్టింది.
అమ్మ మెట్టెక్కింది, మోకాలు పట్టుకుంది.
ఇంకా మెట్టుంది.

"ఏదీ, నడక ఎలా ఉందో చూద్దాం" అన్నాను. "వచన కవితకి ఛందస్సే ఉండదు కదా మామా, ఇంకేం చూస్తావు?" అంది. మన సంఘం సాహిత్య సమావేశాల్లోనూ ఇదే మాట వింటుంటాను. ఆ మాటతో నాకు పేచీ ఉంది.

ఇక్కడ మన పిల్లలు స్కూల్లో చదివే ఇంగ్లీషు బ్లాంక్ వర్స్‌కి ఛందస్సు ఉంది. పాదానికి మామూలుగా 5 ఊనికలు, అంటే నొక్కి పలికే చోట్లు, పడతాయి, అంత్యప్రాస ఒక్కటే ఉండదు. మన వచన కవిత ఫ్రీ వర్స్‌కి దగ్గర. గణాలూ యతిప్రాసలూ ముందే నిర్ణయమై ఉండవు. రెంటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం. పైగా ఇంగ్లీషు లెక్క ఊనికది, తెలుగు లెక్క పలకడానికి పట్టే కాలానిది. ఆ కాలానికి కొలత మాత్ర. లఘువుకి, అంటే పొట్టి అక్షరానికి, ఒక మాత్ర; గురువుకి, అంటే దీర్ఘమో సున్నానో ఉన్నదానికీ ఒత్తక్షరానికి ముందున్నదానికీ, రెండు. ఊనికల కోసం వెతికితే తెలుగు కవితలో ఏమీ దొరకదు, పిల్లలేమో మనకి లయే లేదనుకుంటారు.

ఇప్పుడు లెక్కపెట్టండి. "అమ్మ మెట్టెక్కింది" 10 మాత్రలు. మూడుసార్లూ అంతే. ఆ తర్వాతి ముక్క చూడండి: "పసుపు పూసింది" 8, "కుంకుమ పెట్టింది" 9, "మోకాలు పట్టుకుంది" 11. మెట్టు ఎత్తు మారలేదు, ఎక్కే మనిషికి బరువు పెరిగింది. మా మేనకోడలు ఇది లెక్కేసి రాయలేదు. చెవి రాయించింది.

చివర్న "ంది" చూసి ప్రాస బాగుందని మెచ్చుకునేవాళ్ళుంటారు. నేను దానికి మార్కులు వెయ్యను. తెలుగులో క్రియ మామూలుగా వాక్యం చివరే వస్తుంది, ఆవిడ ఏ పని చేసినా "ంది" అనే ముగుస్తుంది. అడక్కుండా దొరికేది అది. నాకు నచ్చింది "ట్ట". పసుపు పూసిన చోట లేదు, అక్కడ "ప" మెత్తగా మూడుసార్లు పలికింది. పెట్టింది, పట్టుకుంది అనేసరికి మెట్టులోని గట్టిదనం అమ్మ చేతిలోకొచ్చింది.

ఇక పునరుక్తి, అన్న మాటే మళ్ళీ అనడం. దాని సంగతి తిరుపతి వాళ్ళకి వేరే చెప్పాలా? అన్నమయ్య సంకీర్తనల్ని రాగిరేకుల మీద చెక్కి దాచుకున్న కొండ అది. చరణం అయ్యాక పల్లవికి తిరిగొస్తాం. మాటలు అవే, కానీ చరణం విన్నాక వాటి అర్థం కొంచెం జరిగి ఉంటుంది. నడకదారిలో గోవిందనామం కూడా అంతే. అలిపిరి దగ్గర హుషారుగా అరిచిన "గోవిందా", దాదాపు 3,550 మెట్లున్న ఆ దారిలో మోకాళ్ళ పర్వతం దగ్గరికొచ్చేసరికి మూలుగులా వస్తుంది. ఈ కవితలోనూ "అమ్మ మెట్టెక్కింది" మొదటిసారి ఉత్సాహం, మూడోసారి ఓపిక. యతిప్రాసలు వదిలేసిన కవితని నిలబెట్టేది ఇలాంటి పునరుక్తే. అర్థం జరగకుండా ఊరికే తిప్పి చెబితే మాత్రం అది నినాదం అవుతుంది. మన పత్రికకి వచ్చే కవితల్లో ఆ రకమే ఎక్కువ కనిపిస్తోంది, బాధగా ఉంది. పంపేముందు ఒక్కసారి పైకి చదువుకోమని రాసేవాళ్ళందరినీ వేడుకుంటున్నాను.

చివరి పాదం ఆమె మొదట "అమ్మకి ఇంకా మెట్టుంది" అని రాసిందట. నోట్‌బుక్‌లో "అమ్మకి" మీద గీత కనిపిస్తోంది. అది ఉంటే 13 మాత్రలు, లేకపోతే 9. ఎందుకు కొట్టేశావని అడిగాను.

"పైకి చదివితే అక్కడ ఊపిరి అందలేదు మామా" అంది.