బోర్డు మీద ఖాళీగా ఉన్న పేరు

బెంగళూరు కోరమంగలలోని ఒక పబ్‌లో లిఫ్ట్ దిగగానే ఎదురుగా గోడకు ఒక బోర్డు ఉంది. సిగరెట్టు బొమ్మ, దాని మీద ఎర్రటి అడ్డగీత, ఇక్కడ పొగ తాగడం నేరం అని ఇంగ్లిష్‌లోనూ కన్నడలోనూ రాత. అడుగున చిన్న అక్షరాల్లో 'ఫిర్యాదు చేయాల్సిన వ్యక్తి' అని, పక్కన చుక్కల గీత. ఆ గీత మీద ఏమీ లేదు. ప్రెస్ నుంచి ఎలా వచ్చిందో అలాగే మేకు కొట్టి తగిలించేశారు. మా పెద్దమ్మ కొడుక్కి ప్రమోషన్ వచ్చిందని ఏడుగురం వెళ్లాం. మేం టేబుల్ కోసం ఎదురుచూస్తుండగానే ఒకతను సరిగ్గా ఆ బోర్డు కింద నిలబడి సిగరెట్టు వెలిగించాడు. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

మాకు సర్వ్ చేసిన కుర్రాడు మా తెలుగు విని, "ఏ ఊరన్నా మీది?" అని పలకరించాడు. అతనిది మదనపల్లె దగ్గర. మాటకు మాటకు మధ్య పొడిదగ్గు. సిగరెట్లు ఎక్కువ కాలుస్తావా అని అడిగాను. "నాకు అలవాటే లేదన్నా. రాత్రి ఒంటిగంట దాకా ఈడే కదా. రూముకు పోయినాక చొక్కా బయట ఆరేసి రమ్మంటాడు మా రూమోడు" అని నవ్వాడు. అతను నవ్వాడు కాబట్టి మేమూ నవ్వేశాం. ఇంటికొచ్చాక నా చొక్కా విప్పి బకెట్లో వేస్తుంటే ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. నాది ఒక్క రాత్రి, ఒక్క చొక్కా. అతనిది వారానికి ఆరు రాత్రులు.

ఆ ఖాళీ గీత చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, చట్టం అంతా దాని మీదే ఆధారపడి ఉంది. 2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది. అన్బుమణి రాందాస్ కేంద్ర ఆరోగ్య మంత్రిగా ఉండగా, 2008 గాంధీ జయంతి నుంచి బహిరంగ ప్రదేశాల్లో ధూమపాన నిషేధ నియమాలు అమల్లోకి వచ్చాయి. ఆఫీసులు, మాల్స్, సినిమా హాళ్లు కూడా బహిరంగ ప్రదేశాలేనని అందులో స్పష్టంగా రాశారు. 60 సెంటీమీటర్లు, 30 సెంటీమీటర్ల బోర్డు ప్రతి ద్వారం దగ్గరా, ప్రతి అంతస్తులోనూ పెట్టాలి. లోపల యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు ఇవ్వకూడదు. ఎవరైనా పొగ తాగుతుంటే ఎవరికి చెప్పాలో ఆ మనిషి పేరు బోర్డు మీద ఉండాలి. చెప్పినా ఆ మనిషి పట్టించుకోకపోతే, అక్కడ ఎంతమంది నేరం చేశారో లెక్కగట్టి అంత జరిమానా యాజమాన్యమే కట్టాలి. అంటే ఇది పోలీసుల కోసం రాసిన నియమం కాదు, పబ్ నడిపేవాడి మెడకు కట్టిన నియమం. పేరు రాయకపోతే తలుపుకు బందులు బిగించకుండా గోడకు ఆనించి వదిలేసినట్టే.

జనం ఏమనుకుంటున్నారు అన్న ప్రశ్న దగ్గర మన చర్చలన్నీ దారి తప్పుతాయి. అవగాహన లేదు, ప్రచారం చేయాలి అంటారు. అవగాహనకేం తక్కువ? 2016-17 జాతీయ పొగాకు సర్వేలో, పొగ తాగితే తీవ్రమైన జబ్బులొస్తాయని నమ్మినవాళ్లు పదిమందిలో తొమ్మిదిమందికి పైనే. దేశంలో పొగ తాగే పెద్దవాళ్లు 10.7 శాతమే. అయినా నాలుగు గోడల మధ్య పనిచేసేవాళ్లలో 30.2 శాతం మంది పని చేసేచోటే పక్కవాళ్ల పొగ పీల్చామని అదే సర్వేలో చెప్పారు. పదిమందిలో ఒక్కడు తాగితే ముగ్గురికి తగులుతోంది. ఆ ముగ్గురూ నోరు తెరవరు.

ఎందుకు తెరవరంటే, మనం దీన్ని చట్టంగా చూడం, మర్యాదగా చూస్తాం. మర్యాద అనగానే మొహమాటం వెంటే వస్తుంది. రైల్లో మన బెర్తు మీద ఎవరైనా కూర్చుంటే లేపడానికి మనం ఎంత నసుగుతామో తెలుసు కదా. అది టికెట్టు కొన్న సీటు, దాని మీద మన పేరుంది. గాలి మీద ఎవరి పేరూ లేదు. పైగా బెంగళూరులో తెలుగువాళ్లకు ఇంకో బరువుంది. ఊరు కాని ఊరు. మారతహళ్లిలో, హెచ్‌ఎస్‌ఆర్‌లో సగం వీధి తెలుగు మాట్లాడుతుంది కాబట్టి పగలంతా ఆ సంగతి గుర్తుండదు. రాత్రి పదకొండింటికి పక్క టేబుల్ వాడితో మాట పెరిగి, అది కాస్తా భాష గొడవ అయితే? "మనకెందుకు బ్రో, కుర్చీ ఇటు జరుపుకుందాం" అన్నాడు మా తమ్ముడు. జరుపుకున్నాం. పొగ కూడా మా వెంటే జరిగింది.

పబ్‌లో సిగరెట్టు తాగడం పూర్తిగా నిషిద్ధం కూడా కాదు, అది వేరే మెలిక. 30 సీట్లున్న రెస్టారెంట్, 30 గదులున్న హోటల్, విమానాశ్రయం, ఇవి విడిగా స్మోకింగ్ గది పెట్టుకోవచ్చు. ఆ గది ఎలా ఉండాలో నియమాల్లో ఉంది. నాలుగు వైపులా పైకప్పు దాకా గోడలు, దానంతటదే మూసుకునే తలుపు, లోపలి గాలి నేరుగా బయటికే పోవాలి, వచ్చేపోయే దారిలో ఉండకూడదు, పొగ తాగడం తప్ప అందులో మరే సర్వీసూ ఉండకూడదు. కాగితం మీద అది ఆపరేషన్ థియేటర్‌కి తీసిపోదు. మేం వెళ్లిన చోట స్మోకింగ్ జోన్ అంటే రూఫ్‌టాప్‌లో సగం. మధ్యలో నాలుగు క్రోటన్ కుండీలు. కుండీలకు అవతల స్మోకింగ్, ఇవతల నాన్ స్మోకింగ్. ఆ సగంలోనే డీజే, మంచి టేబుళ్లు, సిటీ లైట్లు కనిపించే అంచు. పొగ వద్దనుకున్నవాళ్లకు బాత్రూమ్ పక్కన చోటు. మదనపల్లె కుర్రాడు మాత్రం ట్రే పట్టుకుని రెండు సగాల్లోనూ తిరుగుతున్నాడు. ఇది ఓపెన్ స్పేస్ కదా అంటారు మేనేజర్లు. చట్టంలో ఆ మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ జనం వచ్చిపోయే చోట్లు ఓపెన్ స్పేస్ కిందికి రావని 2008 నియమాలు ఆ సందు మూసేశాయి. స్టేడియం, బస్టాండ్ కూడా నిషేధం కిందికే వస్తే, నెత్తిన రేకుల కప్పున్న పబ్ ఎలా మినహాయింపు అవుతుంది?

స్మోకింగ్ గదుల గురించి ఒక మాట ఒప్పుకోవాలి. మా టీమ్‌లో ఒకమ్మాయిది గుంటూరు. అప్పుడప్పుడూ సిగరెట్టు తాగుతుంది. ఆమెకు ఆ గాజు గది ఆరోగ్య సమస్య కాదు, మేనత్త కొడుకు చూసి ఊళ్లో చెప్పకుండా కాపాడే గోడ. మగవాడు రోడ్డు మీద కాలిస్తే అలవాటు, ఆడపిల్ల కాలిస్తే కుటుంబ సమస్య. నిషేధం గురించి మాట్లాడే మన పెద్దమనుషుల్లో చాలామందికి ఊపిరితిత్తుల కంటే ఈ రెండోదే ఎక్కువ బాధ. హుక్కా విషయం చూడండి. 2024 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం హుక్కాను నిషేధించింది, ఏప్రిల్‌లో హైకోర్టు సమర్థించింది. 2025లో అమల్లోకి వచ్చిన రాష్ట్ర సవరణ చట్టం ప్రకారం హుక్కా బార్ నడిపితే ఏడాది నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి లక్ష దాకా జరిమానా. బహిరంగ ప్రదేశంలో సిగరెట్టుకు జరిమానా 200 నుంచి 1,000 రూపాయలైంది, అంతే. హుక్కా అంటే కుర్రకారు చెడిపోతున్నారన్న భయం, సిగరెట్టు అంటే మన నాన్నల నుంచి చూస్తున్న సరుకు. పీల్చే ఊపిరితిత్తికి ఆ తేడా తెలియదు. హుక్కా మూయించినందుకు నాకు అభ్యంతరం లేదు. ఆ పట్టుదలలో పదో వంతు ఆ చుక్కల గీత మీద చూపించమంటున్నాను.

ఆఫీసుల్లో కథ వేరుగా నడిచింది. మా నాన్న బ్యాంకు లోను కోసం వెళ్లినప్పుడు మేనేజర్ టేబుల్ మీద యాష్‌ట్రే ఉండేది, పేపర్ వెయిట్ పక్కన. ఇవాళ బెంగళూరు టెక్ పార్కులో ఎవరైనా క్యూబికల్‌లో సిగరెట్టు వెలిగిస్తే అతనికేమో పిచ్చెక్కిందనుకుంటారు. జనం మారారా? అదే మనిషి శుక్రవారం రాత్రి పబ్‌లో బోర్డు కింద వెలిగిస్తున్నాడుగా. మారింది మనిషి కాదు, ఏర్పాటు. ఆఫీసులో స్మోక్ డిటెక్టర్ ఉంది, కెమెరా ఉంది, హెచ్‌ఆర్‌కి మెయిల్ పెడితే జవాబు చెప్పాల్సిన ఒక మనిషి ఉన్నాడు. పక్కవాడికి ఎదురుగా చెప్పాల్సిన పని లేదు. మొహమాటానికి అసలు చోటే లేకుండా చేశారు.

పొగ పోయిందా అంటే, గేటు బయటికి పోయింది. టెక్ పార్కు గోడ పక్కన టీ బండి, బండి కర్రకు తాడుతో వేలాడదీసిన లైటర్. విడి సిగరెట్ల అమ్మకాన్ని కర్ణాటక 2017లోనే నిషేధించింది. ఆ లైటర్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. నాలుగింటికి 'సుట్టాకి వస్తావా' అని, అంటే సిగరెట్టుకి, పిలుపు వస్తుంది. నేను కాల్చను, అయినా వెళ్తాను. ఎందుకంటే ఏ ప్రాజెక్టు మూతపడుతోందో, ఎవరికి విదేశంలో ఆన్‌సైట్ ఛాన్స్ ఉందో కాన్ఫరెన్స్ రూమ్ కంటే ముందు ఆ బండి దగ్గరే తెలుస్తుంది. మా పాత మేనేజర్ జీతాల హైక్‌ల గురించి అసలు మాట మాట్లాడింది అక్కడే. లోపల పొగ పీల్చకుండా చట్టం నన్ను కాపాడింది, బయట నా కాళ్లతో నేనే వెళ్లి పీల్చి వచ్చాను. ఈ లెక్క ఏ సర్వేలోనూ పడదు. ఇక వేప్‌లు. ఈ-సిగరెట్లను 2019లో దేశమంతా నిషేధించారు. మా ఫ్లోర్ బాత్రూమ్‌లో మధ్యాహ్నం పూట మామిడిపండు వాసన వస్తుంటుంది. సీజన్ కాకపోయినా.

పబ్‌ని ఆఫీసులా ఎలా చూస్తాం, అది సరదాకి వెళ్లే చోటు కదా అంటారు. మన చర్చలో తప్పంతా ఇక్కడే ఉంది. వెళ్లేవాడికి సరదా, సర్వ్ చేసేవాడికి డ్యూటీ. 2004 మార్చి 29న ఐర్లాండ్ ప్రపంచంలోనే మొదటిసారి దేశమంతటా పని ప్రదేశాల్లో పొగ నిషేధించింది. పబ్ లేనిదే పొద్దుపోని దేశం అది. అక్కడి ప్రభుత్వం వాదన మొత్తం ఒక్క మాట మీద నిలబెట్టింది: పబ్ అనేది బార్‌మన్ పనిచేసే చోటు. పొగ తాగేవాడి హక్కు, తాగనివాడి హక్కు అని వాదించుకుంటే తెల్లారేదాకా తేలదు. పనివాడి ఊపిరి అనేసరికి ఎదుటివాళ్లకు అడ్డం చెప్పడం కష్టమైంది. అంతకు ముందే కాలిఫోర్నియాలో 1998లో బార్లలో పొగ ఆపినప్పుడు, శాన్‌ఫ్రాన్సిస్కోలో 53 మంది బార్ సిబ్బందిని నిషేధానికి ముందూ తర్వాతా పరీక్షించారు. కొద్ది వారాల్లోనే చాలామందికి దగ్గు, ఆయాసం తగ్గాయి. మందులిచ్చి కాదు, గాలి మార్చి. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెడితే చాలదా అన్నదానికి 2006లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య అధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక తేల్చి చెప్పింది: వేరే గది, ఫ్యాను, గాలి శుభ్రం చేసే యంత్రం, ఏదీ పక్కవాళ్లను పూర్తిగా కాపాడలేదు.

మన కేంద్రం కూడా స్మోకింగ్ గదులను ఎత్తేయాలని 2020 ముసాయిదా సవరణలో రాసింది. అది చట్టం కాలేదు. వ్యాపారం పడిపోతుందన్నది ఒక వాదన. పొగాకు రైతు నష్టపోతాడన్నది రెండోది. రెండోది నాకు ఇంటి విషయం. మాది ప్రకాశం జిల్లా, కందుకూరు వైపు. పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో ఆకు క్యూరింగ్ జరిగే రాత్రుళ్లు మా తాత అక్కడే మంచం వేసుకునేవాడు. వేలం కేంద్రంలో బేళ్లకు వచ్చిన ధరను బట్టే ఆ ఏడు మా ఫీజులు. కాబట్టి రైతు పేరెత్తితే నా గొంతు కాస్త తగ్గుతుంది. కానీ పబ్‌లో వెయిటర్ దగ్గితే తప్ప కందుకూరు రైతుకు గిట్టుబాటు ధర రాదు అన్న వాదన నా గొంతు దిగదు. ధర లేక రైతు రోడ్డెక్కిన రోజుల్లో ఈ పబ్ యజమానులెవరూ వేలం కేంద్రం దగ్గర కనిపించిన గుర్తు నాకు లేదు.

ఆ రాత్రి బిల్లు కట్టేటప్పుడు మేనేజర్‌ని అడిగాను, బోర్డు మీద పేరు ఎందుకు లేదని. అతనికి ప్రశ్న అర్థం కాలేదు. "స్మోకింగ్ కావాలా సార్? అటువైపు టేబుల్ ఇప్పిస్తాను" అన్నాడు ఎంతో మర్యాదగా. వద్దన్నాను. లిఫ్ట్ దగ్గరికి మదనపల్లె కుర్రాడు మా తమ్ముడు మర్చిపోయిన హెల్మెట్ తెచ్చిచ్చాడు. "అన్నా, ఆన్‌లైన్లో రేటింగ్ పెడతారు కదా, ఈ పొగ గురించి రాయండన్నా. నా పేరు మాత్రం వద్దు" అన్నాడు.

రాశాను. మర్నాడు పబ్ నుంచి జవాబు వచ్చింది: మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, మళ్లీ తప్పక రండి. కింద సంతకం 'టీమ్' అని ఉంది.