ప్రాణాయామం సరే, పది గంటల పని మాటేమిటి?

పొద్దున్నే ఫోన్ తెరిస్తే చాలు, ప్రశాంతంగా ఎలా ఉండాలో చెప్పేవాళ్లు క్యూ కడతారు. అరగంట నడవండి, ఐదు నిమిషాలు ఊపిరి మీద ధ్యాస పెట్టండి, రాత్రి ఫోన్ పక్కన పడేయండి. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. గాలి పీల్చినదానికంటే ఎక్కువసేపు నెమ్మదిగా వదిలితే మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి పని అందుకుంటుంది, గుండె వేగం తగ్గుతుంది. పైసా ఖర్చు లేదు. నా పేచీ ఈ అలవాట్లతో కాదు, వాటికి టైమెక్కడిదో చెప్పకుండా జారుకునేవాళ్లతో.

2025 జూన్ 21న, యోగా దినోత్సవం నాడు, విశాఖ తీరంలో ప్రధాని సమక్షంలో లక్షల మంది ఆసనాలు వేశారు. ఫొటోలు అందరూ చూశారు. అదే నెల మొదట్లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆమోదించినదాన్ని ఎంతమంది చూశారు? ఫ్యాక్టరీల్లో రోజు పనిగంటల హద్దు 9 నుంచి 10కి పెరిగింది. ఐదు గంటల పని తర్వాత ఇవ్వాల్సిన విరామాన్ని ఆరు గంటల పని తర్వాతకు జరిపారు. మూడు నెలల్లో చేయించగల ఓవర్‌టైమ్ 75 గంటల నుంచి 144కి చేరింది. జులైలో తెలంగాణ కూడా వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల పనికి దారి ఇచ్చింది. మనిషి కాసేపు నడుం వాల్చి ఊపిరి పీల్చుకునే ఆ విరామాన్నే గంట వెనక్కి నెట్టి, ఆ జూన్‌లోనే ఊపిరి పాఠం చెప్పారన్నమాట.

వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది కదా, అదనపు పనికి రెట్టింపు కూలి ఇస్తారు కదా, పెట్టుబడులు రావద్దా అంటారు. రావాలి. కానీ ఓ చిన్న లెక్క వేద్దాం. ఆ 144 గంటలనూ పూర్తిగా వాడుకుంటే వారానికి సుమారు 11 గంటలు. 48కి 11 కలిపితే 59. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లోనే తేల్చాయి. గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువట. దీనికి అనులోమ విలోమ ప్రాణాయామం ఏం చేస్తుంది?

విశాఖ దగ్గర ఫ్యాక్టరీలుండే అచ్యుతాపురం సెజ్‌లో పదిగంటల షిఫ్టు చేసే మనిషిని ఊహించండి. రానూపోనూ రెండు గంటలు కంపెనీ బస్సులో. ఏడు గంటలు నిద్ర. మిగిలేది ఐదు గంటలు. వంట, స్నానం, పిల్లల హోంవర్కు, రేషన్ అన్నీ అందులోనే. ఆడమనిషైతే ఆ ఐదూ పొయ్యి దగ్గరే అయిపోతాయి. నేను ఒకప్పుడు పనిచేసిన ఆఫీసులో ధ్యానం క్లాసు సరిగ్గా భోజనం టైములో పెట్టారు. రానివాళ్ల పేర్లు రాసుకున్నారు కూడా. ఆ రోజు నాకొచ్చినంత టెన్షన్ అప్రైజల్ నాడు కూడా రాలేదు.

ఇంకో సంగతి. టైము దొరికిందే అనుకుందాం, కూర్చునే చోటేది? మన ఊళ్లలో ఇంటి ముందు అరుగు ఉండేది. చీకటి పడే వేళ పని ముగిసినవాళ్లంతా అక్కడ చేరేవాళ్లు. దానికి ఎవరూ థెరపీ అని పేరు పెట్టలేదు గానీ, మనసులో మాట బయటపడేది అక్కడే. (అరుగు మీదకి అందరినీ రానిచ్చేవాళ్లు కాదన్నదీ నిజమే, ఆ రోజులే మళ్లీ కావాలనడం లేదు.) రోడ్డు వెడల్పులో అరుగులు పోయాయి, వాటి బదులు వచ్చిన ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరూ, పార్కింగ్ బళ్లూ. డాక్టరు నడవమంటాడు. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు పక్కన ఉండేవాళ్లకు బెంగలేదు. కూకట్‌పల్లి హాస్టల్ కుర్రాడు ఎక్కడ నడవాలి, మెట్రో పిల్లర్ల మధ్యనా?

విశాఖ బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున కాసేపు బళ్లు ఆపి నడిచేవాళ్లకు వదిలేస్తారు. మన మునిసిపాలిటీలు చేసిన మంచి పనుల్లో దాన్ని మొదటి వరసలో పెడతాను. ప్రతి పట్టణంలోనూ ఒక్క వీధికి, రాత్రి ఎనిమిది నుంచి పది దాకా, అదే వర్తింపజేయమనండి. రెండు బారికేడ్లు, ఒక హోంగార్డు, నాలుగు సిమెంటు బెంచీలు. ఎనిమిదే ఎందుకంటే, ఆరింటికి పెడితే షిఫ్టు బస్సు ఇంకా ఊళ్లోకి రాదు.