అతిసారమైతే నీళ్ళు చూస్తారు, షుగరైతే నోరు చూస్తారు

ఎవరికైనా షుగరొచ్చిందని తెలియగానే మనవాళ్ళు చేసే మొదటి పని వాళ్ళ కంచంలోకి తొంగి చూడటం. "నోరు కట్టుకోవాలి మరి" అని ఓ మాట పారేసి, తమ టీలో రెండు చెంచాల పంచదార కలుపుకుంటారు. పెళ్ళి భోజనాల్లో పక్క కుర్చీ పెద్దమనిషి దగ్గర్నుంచి తెల్లకోటు డాక్టరు దాకా అందరిదీ ఇదే వైద్యం.

2024 అక్టోబరులో మా విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం వచ్చింది, గుర్తుందా? మనుషులు పోయారు. అప్పుడు "నీ నోరే నీకు శత్రువు" అని ఏ రోగికీ ఎవరూ క్లాసు పీకలేదు. నీళ్ళ ట్యాంకులు చూశారు, పైపులు చూశారు, ఉపముఖ్యమంత్రే ఊళ్ళోకొచ్చారు. జబ్బు ఊరిది అని ఒప్పుకున్నారు కాబట్టి ఊరిని చూశారు. మరి వీధికి నలుగురు షుగరు మాత్రలు మింగుతుంటే అది మాత్రం ఎవరి ఖర్మ వారిది ఎలా అయింది? 2023లో బయటికొచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరుంది, ఇంకో 13 కోట్ల మందికి పైగా దాని గుమ్మంలో ఉన్నారు. ఇంతమందికీ ఒక్కసారే నోరు అదుపు తప్పిందంటే నేను నమ్మను.

మాది రాజాం దగ్గర పల్లె. (2022లో జిల్లా మారింది, శ్రీకాకుళం నుంచి విజయనగరానికి. షుగరుకి మాత్రం ఏ జిల్లా అయినా ఒకటే.) మా పెదమ్మ తినే తిండి చెబుతాను. పొద్దున్న తరవాణి (అన్నం పులియబెట్టిన నీళ్ళు), మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. అన్నం తడవడానికి ఓ గరిటెడు పులుసు. ఇంట్లో ఏడుగురికీ ఒకటే గిన్నె, రేషన్ బియ్యం. డాక్టరు గారేమో అన్నం సగం చేసి పప్పు, కూరలు, గుడ్డు పెంచమన్నారు. మాట నిజమే. ఆ గుడ్డు మనవడి కంచంలోంచి తీసి తన కంచంలో వేసుకునే పెదమ్మని మీరెక్కడైనా చూశారా? పైగా ఆవిడ అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు: "కూడు మానెస్తే కలుపెవులు తీస్తారే?"

ఇక వాట్సాప్ వైద్యులు. చోళ్ళు, అంటే రాగులు, తింటే షుగరు మాయమైపోతుందట, మన తాతలంతా అలాగే బతికారట. చోళ్ళు మంచివే, బియ్యం కంటే పీచు ఎక్కువ. కానీ వాటిలోనూ ఎక్కువ భాగం పిండిపదార్థమే. పలచగా జావ కాచి, బెల్లం ముక్క వేసి రెండు గ్లాసులు తాగితే షుగరు పెరగక ఏమవుతుంది? తాతలు ఆ అంబలి తాగి పగలంతా నాగలి వెనక నడిచారు. మనం తాగి బండెక్కుతున్నాం.

నాకు అసలు మండేది పరీక్షల దగ్గర. నెలకోసారి మా ఊరికి 104 బండి, అంటే సర్కారు సంచార వైద్యశాల, వస్తుంది. వచ్చేసరికి పది దాటుతుంది. అప్పటికి సగం మంది ఉపాధి పనిలో ఉంటారు, మిగిలినవాళ్ళు తరవాణి తాగేసి ఉంటారు. పరగడుపున 126 వచ్చినా, దాటినా షుగరు కింద లెక్క. ఎప్పుడు తిన్నాడో ఎవరూ అడగని మనిషికి 170 వస్తే దాన్ని ఏమనాలి? "పర్లేదు, బోర్డర్లో ఉంది" అంటారు. ఆ బోర్డర్ దగ్గరే ఏళ్ళు గడిచిపోతాయి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏవన్‌సీ పరీక్షకి పరగడుపు అక్కర్లేదు, కానీ దానికి మావాళ్ళు ఒకరోజు కూలి మానుకుని టౌనుకి వెళ్ళాలి. క్లినిక్‌లో రక్తపు చుక్క వేసి షుగరు చూసే స్ట్రిప్పులు అయిపోయాయని మమ్మల్ని తిప్పి పంపిన రోజులూ ఉన్నాయి. ఊరి నర్సమ్మని, అదే ఏఎన్ఎమ్‌ని, అనడానికేం లేదు. పాపం, ఆమె చేతిలో సూది కంటే ఫోనే ఎక్కువసేపు ఉంటుంది, ఎక్కించాల్సిన వివరాలు అన్ని.

మాత్రలు నెలకి సరిపడా ఇస్తారు. మావాళ్ళు కట్టడం పనులకి చెన్నై, హైదరాబాద్ వెళ్తే పండక్కి గానీ తిరిగి రారు. మధ్యలో మాత్ర ఆగుతుంది. "ఒంట్లో బాగానే ఉంది కదా" అంటారు. షుగరు నొప్పి పెట్టదు, అదే దాని మోసం. కాళ్ళు తిమ్మిరెక్కి, మొద్దుబారి, వట్టికాళ్ళతో గట్టు మీద నడుస్తుంటే గాజుపెంకు దిగినా తెలియదు. పుండుకి పసుపు పెడతారు, ఆకుపసరు పోస్తారు, ఆరెంపీతో ఇంజక్షన్ చేయిస్తారు. పెద్దాసుపత్రికి చేరేసరికి వేలు నల్లబడి ఉంటుంది.

కిడ్నీ జబ్బు అంటే మా వైపు అందరికీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానమే గుర్తొస్తుంది. అక్కడ చాలామందికి షుగరు లేకుండానే కిడ్నీలు పోయాయి, అది వేరే గోడు. కానీ షుగరూ నిదానంగా కిడ్నీల్ని తినేస్తుంది. డయాలసిస్ దాకా వెళ్ళినవాళ్ళకి ప్రభుత్వం నెలకి 10,000 పెన్షన్ ఇస్తోంది. ఇవ్వాలి కూడా, దాని మీద నాకే పేచీ లేదు. ఆ మంచం దాకా పోకుండా ముందు పదేళ్ళు కాపాడే స్ట్రిప్పుకీ, షుగరు తగ్గించే మెట్‌ఫార్మిన్ బిళ్ళకీ మాత్రం కరువేమిటి?

డ్వాక్రా సంఘాలు నెలనెలా కూర్చుంటూనే ఉన్నాయి. అప్పు కిస్తీ పుస్తకం పక్కన ఒక గ్లూకోమీటరు పెట్టండి. ఉపాధి పని జరిగే చోటికే తెల్లారి ఆరింటికి పరీక్ష రానివ్వండి, ఎవరూ ఏమీ తినకముందే. వలసెళ్ళేవాళ్ళకి మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వండి. చెప్పులు విప్పించి పాదాలు చూడండి, దానికి మిషన్లు అక్కర్లేదు. రేషన్‌లో బియ్యంతో పాటు కందిపప్పు ప్రతి నెలా, ఎగ్గొట్టకుండా ఇవ్వండి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. వచ్చే గ్రామసభలో రోడ్డు, వీధిలైటు గొడవ మొదలవకముందే లేచి చదువుతాను. రాజాం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎవరైనా మీ సభలో కూడా చదువుతానంటే చెప్పండి, పంపిస్తాను.