టీసీ తీసుకోని అమ్మాయిలు

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగేనాటికి 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భవతులో. దేశ సగటు 6.8. ఈ అంకె వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ మన చర్చ సెల్‌ఫోన్ల మీదికి, ప్రేమల మీదికి, పెంపకాల మీదికి పోతుంది. ఆ అమ్మాయిల్లో దాదాపు అందరూ పెళ్లయినవాళ్లే. పందిరి వేసి, ఊరంతటికీ భోజనాలు పెట్టి మనమే చేసిన పెళ్లిళ్లు. 18, 19 ఏళ్లవాళ్లూ ఆ లెక్కలో ఉన్నారు కదా అంటారా? అదే సర్వేలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిపోయింది. దీన్ని గర్భాల సమస్య అనడం నాకు నచ్చదు. ఇది ముహూర్తాల సమస్య.

కేసులు పెడితే అదే ఆగుతుందనేవాళ్లున్నారు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ఉంది, పిల్లలపై లైంగిక నేరాలకు పోక్సో చట్టం ఉంది, వాడొద్దని నేననను. కానీ అస్సాం 2023 ఫిబ్రవరిలో వేలమందిని అరెస్టు చేసి చూసింది. భర్తల్ని విడుదల చేయమంటూ ఆడవాళ్లు స్టేషన్ల ముందు కూర్చున్నారు. కేసు భయానికి పెళ్లి ఆగుతుందో లేదో గానీ, నిజం చెప్పడం మాత్రం ఆగుతుంది. పదహారేళ్ల పిల్లను అత్త పీహెచ్‌సీకి తీసుకొస్తే తల్లీబిడ్డల కార్డులో వయసు గడిలో 19 పడుతుంది. చెప్పే అత్తకు తెలుసు, రాసే చేతికీ తెలుసు. ఏడో నెలలో బీపీ పెరిగినప్పుడు డాక్టరు చూసేది ఆ పంతొమ్మిదినే. ఎదుగుతున్న ఒంటికి, పైగా రక్తహీనత ఉన్న ఒంటికి, ఆ మూడేళ్ల తేడా చిన్నది కాదు.

పక్క రాష్ట్రాన్ని చూడండి. అదే భాష, అవే కులాలు, అవే మేనరికాలు. నాలుగో సర్వేకీ ఐదో సర్వేకీ మధ్య, తల్లులో గర్భవతులో అయిన ఆ వయసు అమ్మాయిల శాతం ఆంధ్రలో 11.8 నుంచి 12.6 అయితే, తెలంగాణలో దాదాపు 11 నుంచి 5.8కి దిగింది. ఆడపిల్ల పెళ్లికి అక్కడి ప్రభుత్వం డబ్బిచ్చే కల్యాణలక్ష్మి పథకం వల్లేనని కొందరంటారు. పద్దెనిమిది నిండితేనే డబ్బిస్తామంటే కొన్ని పెళ్లిళ్లు వాయిదా పడి ఉండొచ్చు, సరే. మరి పదో తరగతి అయ్యాక ఆ మూడేళ్లూ పిల్ల ఎక్కడుండాలి? నా మట్టుకు జవాబు గురుకులాల్లో ఉంది. అక్కడ వాటి సంఖ్య పెంచారు, 2016లో ఆడపిల్లలకు గురుకుల డిగ్రీ కాలేజీలూ తెరిచారు. హాస్టల్లో మంచం దొరికిన పిల్లకు ఆ ఏడాది సంబంధాలు చూడరు. ఆంధ్రలో 2022 నాటి పెళ్లి సాయం పథకం కల్యాణమస్తు వధూవరులిద్దరూ పది పాసవ్వాలంది. మంచిదే, కానీ గీత గీయాల్సింది ఇంటర్ దగ్గర. చదువులు తెగేది అక్కడే.

మన ఇళ్లలో ఆడపిల్ల చదువు దూరాన్ని బట్టి నడుస్తుంది. హైస్కూలు ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉంటుంది, నడిచి వెళ్లొస్తుంది. జూనియర్ కాలేజీ మండల కేంద్రంలో. ఉదయం ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. అది తప్పితే ఆటో, ఆటో ఎక్కితే ఎవరో చూస్తారు, చూస్తే మాట వస్తుంది. మార్కులెన్ని వచ్చాయన్నది ఆ ఇంట్లో చర్చకే రాదు. పరువు అనే మాటను మనం ఎంత గంభీరంగా వాడినా, చాలాచోట్ల అది ఒక బస్సు సర్వీసు లేకపోవడానికి పెట్టుకున్న పేరు. అదే బస్సులో కొడుకు వెళ్తే పరువుకు ఏమీ కాదు.

పది పరీక్షలు అయిపోగానే ఎండాకాలం ముహూర్తాలు మొదలవుతాయి. జూన్‌లో కాలేజీలో చేరేవాళ్లంతా హైస్కూలుకు వచ్చి టీసీలు పట్టుకెళ్తారు. జులై వచ్చినా కొన్ని టీసీలు బీరువాలోనే ఉంటాయి. ప్రతి హెడ్మాస్టరు దగ్గరా ఆ పేర్లుంటాయి, ఇంటి అడ్రసుతో సహా. ఆ జాబితా తెప్పించుకోవడానికి సర్వేలక్కర్లేదు. ఏ కలెక్టరూ ఇంకా ఎందుకు అడగలేదో?