సైకిల్ రేసులో కెమెరా ఎవరి వెంట వెళ్లాలి?

ఫ్రాన్స్‌లో మూడు వారాలపాటు సాగే సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్ ప్రత్యక్ష ప్రసారం మొదటిసారి చూసేవారికి అరగంటలోపే ఒక సందేహం వస్తుంది. ముందున్నవాడు ఒళ్లు హూనం చేసుకుని తొక్కుతున్నాడు. గెలుస్తాడని అందరూ చెబుతున్నవాడేమో వెనక ఇరవయ్యో స్థానంలో తీరిగ్గా వస్తున్నాడు. ఎందుకిలా? దీనికి జవాబు దొరికేదాకా తెర మీద మిగిలేది రంగురంగుల చొక్కాల గుంపు, హెలికాప్టర్‌లోంచి తీసిన పాత కోటలు, పొద్దుతిరుగుడు తోటలు. అదీ గంటల తరబడి. అంత ఓపిక ఎవరికి ఉంటుంది? ఛానెల్ మార్చేస్తారు.

సైకిల్ రేసు మీద మంచి టీవీ కార్యక్రమం తీయాలనుకునేవాళ్లు ముందు ఈ ముడి విప్పాలి. విషయమంతా గాలిది. చదును రోడ్డు మీద గంటకు నలభై కిలోమీటర్లు దాటిన వేగంలో రైడర్ బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 121 మంది రైడర్ల గుంపును నమూనాగా తీసుకుని చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. ఒంటరిగా వెళ్లేవాడికి ఎదురయ్యే గాలి నిరోధంలో 5 నుంచి 10 శాతం మాత్రమే గుంపు నడిమధ్యలో ఉన్నవాళ్లకు తగులుతుందని అందులో తేలింది. ఎనిమిది మంది టీమ్‌లో ఏడుగురు ఒక్కడి కోసం పనిచేయడం అందుకే. గాలికి అడ్డంగా నిలబడేది వాళ్లే. టీమ్ కారు దాకా వెనక్కి వెళ్లి చొక్కా నిండా నీళ్ల సీసాలు కుక్కుకుని వచ్చేదీ, అవసరమైతే తమ సైకిలే ఇచ్చేసేదీ వాళ్లే. విజేతకు వచ్చే 5 లక్షల యూరోలను టీమ్ అంతా పంచుకునే ఆనవాయితీ కూడా ఇందులోంచే వచ్చింది. కానీ గాలి కెమెరాకు చిక్కదు. చిక్కేలా చేయడమే దర్శకుడి పనితనం.

ఇది అసాధ్యమేమీ కాదు. మన కబడ్డీనే చూడండి. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలయ్యే నాటికి ఈ ఆట ఊరి బడి మైదానానికే పరిమితమని చాలామంది అనుకునేవారు. ముప్పై సెకన్ల గడియారాన్ని తెర మీద పెట్టారు. రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది చావో రేవో అన్న నిబంధనతో ఉత్కంఠ పెంచారు. డిఫెండర్ చీలమండ పట్టుకున్న క్షణాన్ని దగ్గరగా, నెమ్మదిగా తిప్పి చూపించారు. కొన్నాళ్లకే తెలుగు టైటాన్స్ మ్యాచ్ చూస్తూ ఇంట్లో పెద్దవాళ్లు కూడా బోనస్ పాయింట్ గురించి వాదించుకునే స్థితి వచ్చింది. టీవీ ఆటను చూపిస్తూనే చూడటం నేర్పింది. సైకిల్ రేసుకు అలాంటి గురువు ఇంకా దొరకలేదని నా అభిప్రాయం.

ప్రయత్నం జరగలేదని కాదు. నెట్‌ఫ్లిక్స్ 2023లో ‘టూర్ డి ఫ్రాన్స్: అన్‌చెయిన్డ్’ తెచ్చింది. మూడు సీజన్లతో 2025లో ముగిసింది. 2020 పోలండ్ రేసులో ప్రాణాపాయం దాకా వెళ్లిన ఫాబియో యాకబ్సన్, రెండేళ్లకు టూర్‌లో ఒక స్టేజి, అంటే ఒక రోజు పోటీ, గెలవడాన్ని గుండె పట్టేసేలా చెప్పింది. అయితే 2020, 2021 విజేత పొగాచర్ టీమ్ తొలి సీజన్ చిత్రీకరణలో పాలుపంచుకోలేదు. కథకు అదొక పెద్ద లోటు. అంతకన్నా నన్ను బాధించేది మరొకటి. ప్రతి ఎపిసోడ్‌నూ ఇద్దరు నాయకుల పోటీగా మలచాలన్న తపనలో, పెళ్లి ఆల్బమ్‌లో వంటమేస్త్రి కనపడనట్టు, గెలిపించినవాళ్లు పక్కకు పోయారు.

2022 టూర్ ఐదో స్టేజి గుర్తు చేసుకుందాం. ఉత్తర ఫ్రాన్స్‌లో రాళ్లు పరిచిన దారులు, కళ్లల్లోకి కొట్టే దుమ్ము. పొగాచర్‌కు ప్రధాన ప్రత్యర్థి, డెన్మార్క్ రైడర్ వింగెగార్డ్ సైకిల్ చెడింది. సహచరుడు నేథన్ వాన్ హూయ్‌డాంక్ తన సైకిల్ ఇచ్చేశాడు. అతను బాగా పొడగరి, వింగెగార్డ్ పొట్టి. సీటు అందదు, పెడల్ అందదు. దాన్ని వదిలి ఇంకొకరి సైకిల్ ఎక్కాల్సి వచ్చింది. ఈలోగా పొగాచర్ ముందుకెళ్లిపోయాడు. అప్పుడు ముందుండి వింగెగార్డ్‌ను లాక్కొచ్చిన ముఖ్యుడు వౌట్ వాన్ ఆర్ట్. ఆ రోజు పసుపు జెర్సీ అతని ఒంటి మీదే ఉంది! అన్ని స్టేజిల మొత్తం సమయంలో ముందున్నవాడు తన స్థానాన్ని పణంగా పెట్టి సహచరుడి కోసం గాలిని చీల్చాడు. నష్టం 13 సెకన్లకే ఆగింది. పారిస్ చేరేసరికి వింగెగార్డ్ విజేత. సైకిల్ ఇచ్చిన వాన్ హూయ్‌డాంక్ మరుసటి ఏడాది సెప్టెంబరులో గుండె సమస్య బయటపడి పోటీలకు శాశ్వతంగా దూరమయ్యాడు. ఎనిమిది ఎపిసోడ్లు తీసే చేవ ఉన్నవాళ్లు అతనికి ఒక్కటైనా పూర్తిగా ఇవ్వాలి కదా!

సాయం అందనప్పుడు ఏమవుతుందో 2024 మహిళల టూర్‌లో చూశాం. పసుపు జెర్సీలో ఉన్న డెమీ వొలరింగ్ ఐదో స్టేజి చివర్లో పడిపోయింది. అదే స్టేజిని ఆమె సహచరి బ్లాంకా వాస్ గెలిచింది. ముందున్నవాళ్లు ఆగి ఉండాల్సిందా అన్న చర్చ చాలా రోజులు నడిచింది. చివరి రోజు ఆల్ప్ డ్యూయెజ్ కొండ మీద వొలరింగ్ స్టేజి గెలిచినా, టూర్ మాత్రం 4 సెకన్ల తేడాతో కాషా నీవియాదొమాకు పోయింది. ఇంతకు మించిన నాటకీయతను ఏ రచయిత రాయగలడు?

డోపింగ్‌ను దాటవేసే కార్యక్రమాన్ని మాత్రం నేను నమ్మలేను. నిషేధిత మందులు వాడినందుకు అమెరికా రైడర్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టూర్ టైటిళ్లనూ 2012లో రద్దు చేశారు. అప్పటినుంచి ప్రతి అసాధారణ ప్రదర్శన వెనకా ప్రేక్షకుడి మనసులో ఒక అనుమానం ఉంటుంది. దాన్ని నేరుగా అడగాలి, జవాబు చెప్పేవాడి ముఖం మీద కెమెరా నిలపాలి.

తెలుగులో అయితే నేను టూర్‌తో మొదలుపెట్టను. పారిస్ నుంచి బ్రెస్ట్ ఊరి దాకా వెళ్లి తిరిగొచ్చే సుదూర సైకిల్ యాత్ర పారిస్-బ్రెస్ట్-పారిస్ ఎంచుకుంటాను. 1,200 కిలోమీటర్లు, 90 గంటల గడువు. పోటీ కాదు కాబట్టి మొదటివాడు ఎవరన్న గొడవే లేదు. ఉద్యోగాలు చేసుకుంటూ తెల్లవారుజామున రోడ్డెక్కే హైదరాబాద్ రైడర్లు కూడా దీనికి వెళతారు. నిద్ర ఆపుకోలేక బస్టాపులో ఒరిగినవాణ్ణి ముక్కూముఖం తెలియనివాడు లేపి, తన చక్రం వెనక నడిపించుకెళ్లడం ఇక్కడ మామూలే. గాలికి అడ్డు నిలవడమంటే ఏమిటో జీతం, కాంట్రాక్టు లేని మనుషుల్లో ఇంకా బాగా కనిపిస్తుంది. తర్వాతి ప్రయాణం 2027 ఆగస్టులో. అర్హత కోసం అంతకుముందే 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవెలు, అంటే గడువులోపు ముగించాల్సిన సైకిల్ ప్రయాణాలు, పూర్తి చేయాలి. కెమెరా ఆ మొదటి 200 దగ్గరే, ఎవరు ఫ్రాన్స్ దాకా వెళ్తారో ఎవరికీ తెలియనప్పుడే, వాళ్ల వెనక చేరాలి.