వంగితే స్ఫటికం కాదా?

“స్ఫటికమంటే అణువుల క్రమమైన అమరిక. క్రమం ఉన్నది విరుగుతుందే తప్ప వంగదు. అణు స్ఫటికాల్లో (పంచదారలా విడి అణువులు పేర్చుకుని ఏర్పడ్డవాటిలో) అణువుల మధ్య ఆకర్షణలు బలహీనం కాబట్టి అవి మరీ పెళుసు. వంగిందంటే అది స్ఫటికమే కాదు.” సైన్స్ పేరుతో తెగ తిరుగుతున్న నాలుగు వాక్యాలివి. మొదటిది తప్ప ఒక్కటీ నిలవదు.

క్రమం ఉంటే వంగదట. రాగి తీగ నిండా ఉన్నవి స్ఫటికాలే. అది వంగుతుందని వేరే చెప్పాలా?

బలహీనత దగ్గర వాదన పూర్తిగా తలకిందులైంది. పంచదార పలుకులో హైడ్రోజన్ బంధాలు (అణువులను ఒకదానికొకటి పట్టి ఉంచే ఆకర్షణలు) అన్ని వైపులా అల్లుకుని ఉంటాయి. పొరలు జారే వీలుండదు, అందుకే పటుక్కున పగులుతుంది. హెక్సాక్లోరోబెంజీన్ అనే కర్బన పదార్థంలో బలమైన ఆకర్షణ ఒక దిక్కున, బలహీనమైనది దానికి అడ్డంగా ఉంటాయి. సూదిలాంటి ఆ స్ఫటికాన్ని సరైన వైపు నుంచి నొక్కితే పొరలు పేకదస్తాలా జారతాయి. వంగిన స్ఫటికం అలాగే ఉండిపోతుంది. వంగడానికి ఈ అసమానతే కారణమని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త గౌతమ్ దేశిరాజు బృందం 2005లోనే వివరించింది.

పారాసెటమాల్ సంగతి ఇంకా స్పష్టం. అణువు ఒకటే, స్ఫటిక రూపాలు వేరు. మామూలుగా వాడే మొదటి రూపంలో పొరలు ముడతలు పడి ఉంటాయి, తేలిగ్గా జారవు. దాన్ని ఒక్కదాన్నే ఒత్తితే టాబ్లెట్ సరిగా కట్టదు, అంటుకునే పదార్థాలు కలపాలి. రెండో రూపంలో పొరలు చదునుగా ఉంటాయి కాబట్టి ఒత్తిడికి జారి చక్కగా కుదురుతుంది. (మరి దాన్నే వాడొచ్చుగా అంటే, దానికి స్థిరత్వం తక్కువ, మొదటి రూపంలోకి మారిపోగలదు.) పెళుసుదనం అణువు సొత్తే అయితే ఈ తేడా ఎక్కడిది?

అణు స్ఫటికాల్లో చాలావరకు పెళుసువేనన్నది నిజమే. హెక్సాక్లోరోబెంజీన్‌లా శాశ్వతంగా వంగినవాటిలో అమరిక కొంత చెదురుతుందన్నదీ నిజమే. కానీ వంగి, వదిలేయగానే నిటారుగా అయ్యేవీ ఉన్నాయి. కెఫీన్‌తో చేసిన ఒక సహస్ఫటికం (వేర్వేరు పదార్థాల అణువులు కలిసి కట్టిన స్ఫటికం) అలా వంగి మళ్లీ నిటారవుతుందని శాస్త్రవేత్తలు సౌమ్యజిత్ ఘోష్, మల్లా రెడ్డి 2012లో చూపించారు. 2018లో ఆస్ట్రేలియా పరిశోధకులు కాపర్ అసిటైల్ అసిటోనేట్ అనే రాగి సమ్మేళనం స్ఫటికాన్ని ఏకంగా ముడి వేశారు. వంపుకు అడ్డంగా సన్నని ఎక్స్‌రే పుంజాన్ని జరుపుతూ చూస్తే, బయటి అంచులో ఒకలా, లోపలి అంచులో మరోలా అణువులు కాస్త తిరిగి సర్దుకున్నట్టు తేలింది. ఎక్స్‌రేతో అణువుల స్థానం ఇలా తెలిసేది అవి వరుసలో ఉంటేనే; ఆ వరుస చెదిరిపోయి ఉంటే ఆ కొలతే సాధ్యమయ్యేది కాదు.