పందికొక్కుకు మర్యాదలు

(కోనసీమలో ఒక ఇంటి పెరడు. అత్తగారు పళ్ళెంలో నూకలు, నూనె, ఏదో నల్లపొడి వేసి గరిటెతో కలుపుతున్నారు. పండక్కి వచ్చిన అల్లుడు వాసన పట్టుకుని వచ్చాడు.)

అల్లుడు: వెల్లుల్లి ఘుమఘుమలాడుతోంది. ఏంటత్తయ్యగారూ, కారప్పొడా?

అత్తగారు: ఎలకల మందు బాబూ. పందికొక్కు కందపాదంతా తవ్విపోసింది.

అల్లుడు: జింక్ ఫాస్ఫైడా! గ్లౌజులేవీ? ఆ గరిటె...

అత్తగారు: పాతదిలెండి. మీకు పప్పు వడ్డించింది వేరే.

అల్లుడు: (కాస్త ఊపిరి పీల్చుకుని) నూరుపాళ్ళలో మందు రెండుపాళ్ళే ఉండాలండీ. మీరు ప్యాకెట్ మొత్తం దులిపేశారు!

అత్తగారు: పండగపూట పిసినారితనం దేనికని.

అల్లుడు: దీన్నెక్కడ పెడతారు?

అత్తగారు: అరటిచెట్టు మొదట్లో.

అల్లుడు: కోళ్ళు గీరేది అక్కడే, పిల్లి పడుకునేదీ అక్కడే! నూకలు కనిపిస్తే కోడి ఆగుతుందా? అది పొట్టలోకెళ్తే విషవాయువు పుడుతుంది. విరుగుడు లేదు.

అత్తగారు: అయితే ఎదురింటివాళ్ళు వాడే బిళ్ళలు పట్రండి.

అల్లుడు: బ్రోమాడయోలోనా? అది తిన్న ఎలక వెంటనే చావదు. లోపల రక్తం గడ్డకట్టక నాలుగైదు రోజులు తూలుతూ తిరుగుతుంది. తూలే ఎలకని పట్టడం మన పిల్లికెంతసేపు? ఎలకలోని విషం పిల్లికీ ఎక్కుతుంది.

అత్తగారు: దీనికీ మందు లేదంటారా?

అల్లుడు: విటమిన్ కె1 ఉంది. మందు ప్యాకెట్ కూడా పట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. అసలు పిల్లి సంగతి సరే, కొబ్బరిచెట్టు మీద గుడ్లగూబ మాటేంటి? అదీ ఆ ఎలకల్నే తింటుంది.

అత్తగారు: పోతే పోనివ్వండి. రాత్రంతా ఒకటే కీచులాట.

అల్లుడు: లక్ష్మీదేవి వాహనమండీ!

అత్తగారు: ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్కసారీ దిగలేదు. బండి మాత్రం మా చెట్టుమీదే పార్కింగు.

అల్లుడు: మందే కావాలంటే కన్నంలోపల వేసి మట్టితో మూసెయ్యాలి. చచ్చినవాటిని లోతుగా పాతెయ్యాలి. పందికొక్కు కూడా ఊరికే తినదు. ముందు రెండు రోజులు మందు కలపని నూకలు పెట్టి అలవాటు చెయ్యాలి.

అత్తగారు: రెండు రోజులు మర్యాదలు చేసి మూడోనాడు మందా? (అల్లుణ్ణి ఎగాదిగా చూసి) మంచి పద్ధతే.

అల్లుడు: (రెండడుగులు వెనక్కేసి) అందుకే బోను పెడదామంటున్నా. కాల్చిన ఎండుచేప ఎరవేస్తే చాలు. పిల్లికి, కోళ్ళకి ఏ భయమూ ఉండదు.

అత్తగారు: సరే, అటకమీదుంది, దింపండి. మరి పడ్డాక తీసేదెవరు? పిల్లంత ఉంటుందది, కొరుకుతుంది కూడా.

అల్లుడు: పాలేరు...

అత్తగారు: పండక్కి వాళ్ళూరెళ్ళాడు. తెల్లారగట్ట మిమ్మల్నే లేపుతా.

అల్లుడు: రేపు పొద్దున్నే బయల్దేరుతున్నామండీ. ఆఫీసులో అర్జెంటు.

అత్తగారు: కనుమ కదండీ రేపు! కాకి కూడా కదలదు.